మన యిండ్లలోని చిత్రపటములు

బంగారపు గొలుసు తెగినచో కంసాలి యతుకును. ఇత్తడి బిందె సొట్టపడినచో కంచరి తీర్చును. పట్టుచీర చినిగినచో రఫూ చేయువారు మన పాతబస్తీలోనే గలరు. గోడమీది చిత్రపటము చెడినప్పుడు మాత్రము దానిని మునుపటివలె నొనర్పగలవారు లేరు. నేర్పరియైనవాడు చెడుగును ఆపగలడు, చినిగినదానిని అతుకగలడు. పోయిన గీతను తేలేడు. ఇట్టి వస్తువును మనము పెట్టెలో దాచుకొనము. గోడకు మేకు కొట్టి వ్రేలాడదీసి, ఎండకును, చెమ్మకును, పొగకును, పురుగునకును అప్పగించి, పండుగకు పండుగకు తడిగుడ్డతో తుడిచి, మన ధర్మము నెఱవేఱినదని తృప్తి పడుదుము.

చిత్రములనగానే నవాబుల దేవిడీలలోని నిలువెత్తు పటములను తలపవలదు. శాలిబండ, గౌలిపురా, లాల్ దర్వాజా ప్రాంతముల పాత యిండ్లలో నేమేమి యుండునో సోదరీమణు లెఱుగుదురు. పూజగదిలో రవివర్మ అచ్చుపటము, పుట్టింటినుండి వచ్చిన తంజావూరు కృష్ణుడు, చేర్యాల నకాషీవారి బొమ్మ, నిర్మలు పటము, ఒక బిద్రీ పాన్‌దాను, నడిమింటిలో తాతగారి ఛాయాచిత్రము. మేము చెప్పబోవునది వీనిని గుఱించియే. 1894వ సంవత్సరమున బొంబాయిలో రవివర్మ నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటములు సామాన్య గృహస్థులు కొనుటకై అచ్చొత్తినవే. నేడు చెడకుండ మిగిలినవానిని కొందఱు వెదకి కొనుచున్నారు. తక్కినవానిలో కొన్ని పాతవని పారవేయుటచే పోయినవి. అంతకంటె నెక్కువ, పూజచేతనే పోయినవని మా యభిప్రాయము.

ఈ మాట కొందఱకు కష్టముగా దోచవచ్చును. కాని పటమును క్రిందికి దింపి అడుగు అంచును ఒకసారి చూడుడు. అలవలె వంకరలు తిరిగిన గోధుమరంగు చాఱ కనబడినచో అది పూలదండ చేసిన పని. పూలు వాడకుండుటకై చల్లిన నీరు అద్దము వెంబడి జాఱి చట్రపు సందులో దిగును. అచ్చట కాగితము దానిని పీల్చును. తడిగంధమును అట్లే. కుంకుమలో కలిసియుండు కృత్రిమపు రంగు నీటితో కూడి దిగినచో ఆ యెఱ్ఱని మఱక యిక పోదు. దీపపు మసి సామాన్యమైన ధూళి వంటిది కాదు. అందులో నూనె జిడ్డుండును. కర్పూరపు మసి మఱింత నలుపు. అద్దము లేని తంజావూరు పటముపై నిది చేరినచో ముఖము నానాటికి చామనచాయ యగుచుండును. అప్పుడు గృహిణి తడిగుడ్డ అందుకొనును. ఆ పటమెట్లు చేయబడినదో తెలిసినచో ఆమె చేయి వెనుకకు వచ్చును. పలకపై గుడ్డ అంటించి, సుద్దయు జిగురును కలిపిన ముద్దతో ఉబ్బెత్తు పనిచేసి, దానిపై బంగారు రేకు నతికి, మిగిలిన చోట జిగురు కలిపిన రంగులు వేయుదురు. నీరు తగిలిన సుద్ద ఉబ్బును, ఆఱునప్పుడు పగులును, రేకు లేచును. రంగు గుడ్డకంటుకొని వచ్చును.

అట్లయిన దేవునికి దండ వేయరాదా? దీపము పెట్టరాదా? తప్పక చేయవలెను. అయితే మన యాలయములలో నొక మర్యాద గలదు. మూలమూర్తి సుధతో చేసినదైనచో దానికి జలాభిషేకము చేయరు; లోహముతో చేసిన ఉత్సవమూర్తికి చేయుదురు. శ్రీరంగమునందు రంగనాథస్వామికి జరుగుచున్నది ఇదియే. పూర్వులు మూర్తి ద్రవ్యము నెఱిగి ఉపచారమును ఏర్పఱచిరి. మనమును పాత పటమును వేఱొక గోడకు చేర్చి, పూజకు క్రొత్త పటమును గాని చిన్న లోహవిగ్రహమును గాని ఉంచుకొనవచ్చును. అది మనసునకు సమ్మతము కానిచో, దండను పటమునకు తగులకుండ పైన వేఱొక మేకునకు వేయుడు. దీపమును పటము క్రింద గాక ముందునకు మూరెడు దూరము జరుపుడు. బొట్టు అద్దముపై పెట్టినను పొడిగా పెట్టుడు.

చిత్రము చెడుట దినదినమును కొంచెము కొంచెముగా జరుగును గనుకనే మన కంటబడదు. దినమును చూచు బిడ్డ ఎదుగుట తల్లికి తెలియనట్లే. నెలకొకసారి పని యేమియు లేనివేళ ఒక్కొక్క పటమునే పరీక్షింపవలెను. ఎదుటినుండి చూచుట చాలదు. గది చీకటి చేసి ప్రక్కనుండి చేతిదీపపు వెలుగు పటముపై ఏటవాలుగా పడునట్లు పట్టినచో, పగటివేళ సమముగా కనబడిన చోటనే పొక్కులు, లేచిన పెచ్చులు, కాగితపు అలలు నీడలు వేయుచు బయటపడును. తరువాత పటమును త్రిప్పి వెనుక చూడవలెను. మన గృహిణులలో నూటికి తొంబదిమంది పటపు వెనుకభాగమును ఎన్నడును చూచి యెఱుగరు. బల్లి గ్రుడ్లు, కందిరీగ మట్టిగూడు, చెదల బాటలు, బొద్దింకల సంసారము అన్నియు నచ్చటనే. చట్రము క్రింద గోడవారను మెత్తని కఱ్ఱపొడి రాలినచో పురుగు చట్రములో నున్నదని గుర్తు. తుడిచినను మరునాడు మరల పొడి కనబడినచో అది బ్రదికియున్నది. ఆ పటమును వెంటనే తక్కినవానికి దూరముగా ఉంచవలెను. దీపము వేయగానే చేపపిల్లవలె జాఱిపోవు వెండిరంగు చిన్నపురుగొకటి గలదు. అది కాగితపు పైపొరను గీకి తినును. దాని మేత జిగురు, గంజి. ఎండిన వేపాకు మూట పెట్టుటవలన కీడు లేదు గాని, దానినే నమ్ముకొని వెనుక చూచుట మానరాదు.

పాతబస్తీ యిండ్లకు చెమ్మ పుట్టుకతో వచ్చిన వ్యాధి. రాతి పునాది, సున్నపు గోడ. నేలలోని నీరు గోడలో నెక్కుచుండును. ఎక్కిన నీరు ఆఱునప్పుడు ఉప్పును పైకి తెచ్చి తెల్లని పొడిగా విడుచును. నీరు కళను క్రిందినుండి యెట్లు తినునో తెలిసికొనుటకు పత్తర్‌గట్టి సమీపమున నున్న బాద్‌షాహీ అషూర్‌ఖానాను చూడవలెను. మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలమున పదునాఱవ శతాబ్ది చివర కట్టిన మందిరమది. దాని గోడలపై రంగుల మెఱుగు పలకల పని అంతయు 1611 నాటికి పూర్తియైనది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినప్పుడు ఆ మందిరములోను నీరు నిలిచెను. క్రింది వరుసల పలకలు చెడిపోయినవి. ఆ చోట తరువాత గచ్చుపై రంగులు వేసి నింపిరి. పై వరుసలలో పసుపు, నీలము నేటికిని నిన్న వేసినట్లు మెఱయుచున్నవి. క్రింద చూచినచో రంగు కలదు గాని ఆ కాంతి లేదు. ఎంత మేరకు నీరు ముట్టెనో గోడయే చెప్పుచున్నది.

మన పటములకు మూసీ రానక్కఱలేదు. శ్రావణమాసపు ముసురు చాలును. గాలిలో తేమ నూటికి 70 పాళ్ళకు మించి కొన్నాళ్ళు నిలిచినచో బూజు పట్టును. కాగితముపై తుప్పు రంగు చుక్కలు లేచును. స్నానగదికి, వంటింటికి ఆనుకొన్న గోడలకును, వాన కొట్టు గోడలకును పటములు కట్టరాదు. మిగిలిన గోడలకైనను పటము వీపు గోడకు అంటియుండరాదు. సీసాబిరడాలను రెండు ముక్కలుగా కోసి చట్రపు క్రింది మూలలకు వెనుకవైపున అంటించినచో నడుమ గాలి యాడును. ఖర్చు ఏమియు లేదు. ఇంతకంటె మేలైన ఉపాయము మేమెఱుగము. ఎండకాలమున కూలరు పెట్టుకొను యిండ్లలో దాని తడిగాలి పటముపైకి సూటిగా పోకుండ చూడవలెను. మే నెల ఎండకు ఎండి బిగిసిన చెక్క పలకకు ఒక్కసారిగా తేమ తగిలినచో అది వంగును. పైనున్న సుద్ద వంగలేక పగులును. పండుగలకు వెల్ల వేయించునప్పుడు పటములను ముందే దింపి, గోడ పూర్తిగా ఆఱిన తరువాత, అనగా వారము పది దినములకు, తిరిగి కట్టవలెను. పైన వెల్ల ఆఱినట్లు కనబడినను లోపల తడి యుండును. బూజుకఱ్ఱతో పటముల వెనుక గెలుకుట యనుచితమని వేఱుగా చెప్పనక్కఱలేదు గాని, ప్రతి యింటను జరుగుచున్నది గనుక చెప్పుచున్నాము.

ఎండ చేయు కీడు వేఱొక విధము. చెమ్మవలె అది మఱకలు వేయదు. రంగును నెమ్మదిగా ఎత్తుకొనిపోవును. ఇంగ్లండులో రస్సెల్, ఆబ్నీ యను నిద్దఱు శాస్త్రజ్ఞులు నీటిరంగుల చిత్రములపై వెలుగు పనిని పరీక్షించి 1888లోనే నివేదిక వెలువరించిరి. వెలుగు తగిలినంత కాలము రంగునకు నష్టము కూడుచునే పోవును. చీకటిలో నుంచినచో ఆగును గాని పోయినది మరల రాదు. చట్రమును విప్పినప్పుడు దాని క్రింద దాగియున్న అంచును, నడుమ భాగమును పోల్చి చూచినచో ఎంత పోయినదో తెలియును. నేటి అచ్చుపటములలో ఎఱుపు, పసుపు ముందు పోయి నీలము మిగులును. మీ కిటికీ యెదుటి లక్ష్మీదేవి క్రమముగా కృష్ణుని వర్ణము దాల్చుచున్నచో అది మహిమ కాదు, పడమటి యెండ. వస్తుప్రదర్శనశాలలలో కాగితపు చిత్రములకును రంగు బట్టలకును 50 లక్సులకు మించని మసకవెలుగు నుంచుటకు కారణమిదియే. ఇంట అంత మసక అక్కఱలేదు. సూటియైన యెండ పడని గోడ, వాడనివేళ తెఱ, ఇవి చాలును. అతినీలలోహిత కిరణములను అడ్డగించు అద్దము కూడ దొరకుచున్నది గాని, అది వేసితిమి గదా యని పటమును ఎండలో పెట్టరాదు.

ఇక శుభ్రము చేయుట. మా దృష్టిలో ఎండ, చెమ్మ, పురుగు మూడును కలిసి చేయు కీడుకంటె, బాగుచేయవలెనను తొందర చేయు కీడు అధికము. దీనికి మన రాజ్యపు చరిత్రలోనే పెద్ద యుదాహరణము గలదు. అజంతా గుహలు ఆనాడు నిజాము రాజ్యములోనివి. 1914లో హైదరాబాదు పురావస్తు శాఖ ఏర్పడి గులాం యజ్దానీగారు దాని యధికారియైన పిమ్మట, 1920 ప్రాంతమున ఇటలీనుండి ఇద్దఱు నిపుణులను రప్పించి అచ్చటి చిత్రములను బాగుచేయించిరి. ఊడిపోవుచున్న పూతను వారు గోడకు గట్టిగా నిలిపిరి. అది చేయకున్నచో చాల భాగము నేడు మనకు దక్కెడిది కాదు. కాని పైన రక్షణకై లక్క పూసిరి. ఆ లక్క కాలక్రమమున పసుపెక్కి, నల్లబడి, ధూళిని పట్టి, క్రిందనున్న చిత్రమును కప్పివేసెను. తరువాతి తరమువారు దానిని కొంచెము కొంచెముగా తొలగింపవలసి వచ్చినది. అంతటి రాజ్యము, అంతటి నిపుణులు, అంతటి శ్రద్ధ. అయినను మేలు కోరి పూసినదే మఱుగైనది. ఇక అంగడిలో కొన్న వార్నీషును మన పటముపై పూయవచ్చునా యని యడుగు సోదరికి మేమేమి చెప్పగలము? తైలవర్ణ చిత్రమును ఉల్లిగడ్డ ముక్కతోనో ఆలుగడ్డ ముక్కతోనో రుద్దినచో మెఱయునను మాట యొకటి వాడుకలో నున్నది. ఆ రసము, పిండి పగుళ్ళలో దిగి పురుగునకు విందగును.

మెత్తని పొడి కుంచెతో ధూళిని మాత్రము పైనుండి క్రిందికి తేలికగా తీయవచ్చును; రంగు పెచ్చులు లేచియున్నచో అదియు కూడదు. అద్దమును తుడుచునప్పుడు నీటిని అద్దముపై చల్లక, గుడ్డకు తడిచేసి బాగుగా పిండి తుడువవలెను. నిర్మలు పటములకు పొడి మెత్తని గుడ్డ చాలును.

బిద్రీ వస్తువుల విషయమున మన చింతపండు చేయు నష్టము చెప్ప నలవి కాదు. ఇత్తడిని తోమినట్లు దానిని తోముదురు. బిద్రీ ఇత్తడి కాదు. అధికభాగము తుత్తునాగము, కొంచెము రాగి. దానిపై వెండి తీగెలు, రేకులు పొదిగి, బీదరు కోటలోని మట్టితో చేసిన ద్రావణముతో నల్లబఱచుదురు. ఆ మన్ను వెండిని ముట్టదు, తుత్తునాగమును మాత్రమే నల్లచేయును. ఆ నలుపు మీదనే వెండి శోభించును. చింతపండు పులుపు ఆ నలుపును తినివేయును. తోమి తళతళలాడించిన బిద్రీ హుక్కాను మేము చూచితిమి. నలుపు లేక, వెండి కనబడక, బూడిదరంగు చెంబువలె నుండెను. నెలలకొకసారి ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనె మెత్తని గుడ్డకు రాచి తుడిచినచో నలుపు నిలుచును.

చేర్యాల పటములలో గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లసుద్ద, జిగురు పట్టించి దానిపై బొమ్మలు వ్రాయుదురు. ఆ అంబలి పురుగునకు ప్రియము. ఆ సుద్ద మడతకు పగులును. మడువరాదు. చుట్టవలసివచ్చినచో లావుపాటి గొట్టముపై, బొమ్మ బయటివైపునకుండునట్లు వదులుగా చుట్టవలెను. కలంకారీ గుడ్డలలో నల్లగీత ఇనుపకసటుతో వేసినది గనుక ఏండ్లు గడచినకొలది ఆ గీత వెంబడియే నూలు కొఱికినట్లు తెగును. మడత ఆ గీతమీద పడకుండ, ఆఱునెలలకొకసారి మడత మార్చి, తెల్లని పాత నూలుచీరలో చుట్టి ఉంచుట మంచిది.

ఇప్పుడు ఛాయాచిత్రములు. వెల కట్టుటలో ఇవి కడపటివి. ఇంట పోగొట్టుకొన్నప్పుడు ఏడ్పించునవి ఇవియే. పాత ఛాయాచిత్రము పైపొర సరేసువంటిది, తేమకు మెత్తబడును. అద్దమునకు ఆనియున్నచో దానికే అంటుకొనును. మా పొరుగున ఒక వృద్ధురాలి యింట ఇట్లే జరిగినది. ఆమె తల్లి చిత్రము ఆ యొక్కటియే కలదు. వానకాలము తరువాత చెక్కిలి దగ్గఱ తడిమచ్చ వంటి మెఱుపు కనబడినది. పటములు కట్టువాడొకడు నీటిలో నానవేసినచో సులువుగా ఊడివచ్చునని చెప్పగా ఇంటివారట్లే చేసిరి. మేము వెళ్ళునప్పటికి పళ్ళెములో నీరు, అద్దముపై సగము ముఖము, కాగితముపై సగము ముఖము.

“పెద్దమ్మగారూ, మఱియొక ప్రతి యెక్కడైన నున్నదా?” అని యడిగితిమి.

“లేదమ్మా. నాకు నాలుగేండ్లప్పుడు పోయినది మా అమ్మ. ఈ బొమ్మ చూచియే ముఖము గుర్తుంచుకొంటిని. ఇప్పుడు రెండవసారి పోయినది” అనెను.

అట్లు అంటుకొన్న చిత్రమును ఊడదీయ యత్నింపరాదు. అద్దముతోనే యుంచి, ముందుగా అద్దముపైనుండియే చేతిఫోనుతోనైనను చక్కని ప్రతి తీసికొనవలెను. ఆపైన సంరక్షణ విద్య నేర్చినవారికి చూపవలెను. మన సాలార్జంగు మ్యూజియమువంటి సంస్థలలో సంరక్షణశాలలు గలవు. వారి పని తమ వస్తువులకే యైనను, ఎవరి కడకు పోవలెనో అచ్చట విచారింపవచ్చును. ఇట్లు అంటుకొనకుండ ముందే చేయదగినది స్వల్పము: చిత్రమునకును అద్దమునకును నడుమ కిటికీవలె కోసిన అట్ట నుంచినచో రెండును తాకవు. ఆ అట్టయు వెనుక అట్టయు ఆమ్లము లేనివి కావలెను. చౌక అట్టలును, పాతకాలపు పటముల వెనుక వేసిన పలుచని చెక్కపేడులును కాగితమును కాల్చినట్లు గోధుమరంగునకు త్రిప్పును. పేడుల సందులు గీతలుగా ముందువైపునకు కనబడును. చినిగినచోట ప్లాస్టిక్ అతుకుపట్టీ వేయుట, ఎల్లకాలము నిలుచునని లామినేషను చేయించుట, రెండును ఇక వెనుకకు తీయరాని పనులు. అతుకుపట్టీ జిగురు పసుపు మఱకయై కాగితములో ఇంకును. లామినేషనులో ఉడికిన చిత్రమును ఏ నిపుణుడును విడదీయలేడు.

నీరు ఇంటిలో జొచ్చినప్పటి మాటయు చెప్పవలసియున్నది. 2020వ సంవత్సరము అక్టోబరులో పాతబస్తీ పల్లపు పేటలలో నేమి జరిగెనో మఱచినవారు లేరు. తడిసిన చిత్రములను ఎండలో ఆఱవేయుట మన అలవాటు. కాగితము వంకరపోవును, రంగు పెట్లును. నీడలో, పంకా గాలి సూటిగా తగులకుండ, వ్రాత లేని తెల్లకాగితముపై బొమ్మ పైకి వచ్చునట్లు పఱచి, క్రింది కాగితము తడిసినప్పుడెల్ల మార్చుచుండవలెను. ఛాయాచిత్రములు ఒకదానికొకటి అంటక ముందే, తడిగా నుండగనే విడదీయవలెను. రెండు దినములలో బూజు మొదలగును. అన్నిటిని అంతలో ఆఱబెట్టుట సాధ్యము కానిచో, మైనపు కాగితము నడుమ పెట్టి సంచిలో చుట్టి శీతలయంత్రపు మంచు అఱలో నుంచినచో బూజు ఆగును. తరువాత తీరికగా కొన్నికొన్ని తీసికొనవచ్చును. ఇది గ్రంథాలయములవారు తడిసిన పుస్తకములకు చేయు పద్ధతియే. పాత గాజు పలకల చిత్రములను మాత్రము మంచు అఱలో పెట్టరాదు.

చివరగా ఒక నష్టము గలదు. దానికి చెమ్మయు ఎండయు కారణములు కావు. సికింద్రాబాదులో చిత్రశాల నడిపిన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జనానా చిత్రశాల నొకదానిని తెఱచెను. దానిని ఒక ఆంగ్లేయ వనిత నడిపెను. ఘోషాలోని స్త్రీలు పరపురుషుని కంటబడకుండ అచ్చట చిత్రము తీయించుకొనిరి. అటుపిమ్మట వచ్చిన చిత్రశాలలలో మన ముత్తవ్వలును అవ్వలును కుర్చీపై చేయి వేసి నిలుచుండిరి. ఆ చిత్రములు కొన్ని నేటికిని చెక్కుచెదరక యున్నవి. వానిలోని స్త్రీ యెవరో మాత్రము ఇంటివారికి తెలియదు. మగవారి పటముల క్రింద పేరు, ఉద్యోగము, సంవత్సరము చక్కగా వ్రాసియుండును. స్త్రీల పటముల క్రింద ఏమియు నుండదు. ఇంటి పెద్దలున్నప్పుడే వారిని కూర్చుండబెట్టి అడుగుడు: ఈమె యెవరు, ఏ యింటి ఆడబడుచు, ఏ యింటి కోడలు, ఏ యేట తీయించినది. సిరాకలము వాడవలదు, ముందుకు ఊఱును. మెత్తని పెన్సిలుతో, అదుమక, చిత్రపు వెనుక అంచున వ్రాయుడు.